చప్పుడు చేయని తుపాకీ, తలుపు పిడికి వేలాడిన పావురాలు

నార్ఫోక్ సీమ, హారిల్‌థోర్ప్ గ్రామంలో కాపురముండే ఆర్నాల్డ్ థర్కెటిల్ అనే నేను, ఎనభై ఒకటో ఏట, మతి నిలకడగా ఉండి, కళ్ళు బాగా కనిపిస్తూ, ఎవరి బలవంతమూ ఎవరి మెరమెచ్చులూ లేకుండా రాసుకున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. చెవుల సంగతి కూడా ఇందులో చేర్చమని లాయరుగారి గుమాస్తా పిల్ల అడిగింది. ఎవరు చెబితే అడిగిందో నాకు తెలియకపోలేదు. ఆ పిల్ల పెదవులు కదుపుతుందే గాని మాట బయటికి రానివ్వదు. అందుచేత ప్రతి అంశమూ కాగితం మీద నా కళ్ళతో చదువుకున్నాకే సంతకం పెడుతున్నాను.

1. నా ఇల్లు, కొట్టాలు, బఠాణీ చేనుతో సహా పొలం యావత్తూ నా కుమార్తె రోవెనాకు నా తదనంతరం సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యతా ఆమెదే. తూర్పు గట్టు మీది కంచె చెట్లు మాత్రం కొట్టించరాదు. ఆ చెట్ల వెనక నక్కి నేను చాలా సంగతులు కనిపెట్టాను.

రోవెనా మంచి పిల్ల. చిన్నప్పుడు గలగలా మాట్లాడేది. పెళ్ళయ్యాక గొణగడం మొదలుపెట్టింది. ఏమిటమ్మా అని అడిగితే చెవి దగ్గరికొచ్చి "టీ తాగుతావా నాన్నా!" అని ఊరు లేచేటట్టు అరుస్తుంది. మధ్యరకం గొంతు లేకుండా పోయింది. ఇది అల్లుడు నేర్పిన అలవాటని నా అనుమానం.

2. నీళ్ళు మరిగితే కూత పెడుతుందని చెప్పి మా పిన్ని కూతురు బెరిల్ కానుకిచ్చిన కెటిలు ఆమెకే తిరిగి ఇచ్చివేయవలెను. ఏళ్ళ తరబడి అది నోరు విప్పింది లేదు. మాడు వాసన వస్తే పరిగెత్తి దింపుకుంటున్నాను. బెరిల్ ఎప్పుడూ చవక సరుకే కొంటుంది.

3. నేలమాళిగలోని ఆపిల్ సారా పీపా మా చర్చి గంటలు మోగించేవారికి, వారి పెద్ద సిసిలీ మోబ్స్ చేతికి ఇవ్వవలెను. ఆదివారం పూట తాళ్ళు పట్టుకుని ఊగడం కనిపిస్తుంది, మోత మాత్రం రాదు. ఒంట్లో కాస్త సత్తువ చేరితే గట్టిగా లాగుతారేమో.

4. ఇక తుపాకీ. దాన్ని ఎవరికి రాస్తున్నానో చెప్పే ముందు ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. లేకపోతే ముసలివాడికి మతి పోయిందని కోర్టుకెక్కేవాళ్ళు ఉన్నారు.

పాత బడి కొనుక్కుని పట్నం నుంచి దిగిన దంపతులు ఒకనాడు మా గుమ్మంలో నిలబడ్డారు. "మీ తుపాకీ పేలితే మా కుక్క మంచం కిందికి దూరి రెండ్రోజులు అన్నం ముట్టడం లేదండీ" అన్నారు. కుక్క మీద జాలిపడి సైలెన్సరున్న తుపాకీ కొన్నాను. గొట్టం తూములాగా లావుగా, పొడుగ్గా ఉంటుంది. మొదటిరోజు బఠాణీ చేలో వల కట్టుకుని దాక్కుని, బొమ్మ పావురాలను గాలికి ఎదురుగా గుర్రపునాడా ఆకారంలో పేర్చి, మధ్యలో అసలు పావురాలు దిగేందుకు చోటు వదిలాను. ఒక పావురం పడితే మందంతా లేచిపోవాలి కదా! లేవలేదు. దిగుతూనే ఉన్నాయి. నాకైతే భుజానికి తగిలిన తన్ను తప్ప చప్పుడన్నదే లేదు. ఆ సాయంత్రం సారాకొట్లో అందరికీ చెప్పుకున్నాను.

అక్కడే ఉన్న డెన్నిస్ కాచ్‌పోల్ నవ్వాడు. ఇతను నా భార్య మ్యూరియల్‌కు తమ్ముడు, మా పక్క పొలం వాడు. "మరీ కొయ్యకు బావా, మా పెరట్లోకి టప్పు టప్పుమని వినబడుతూనే ఉందిగా" అన్నాడు. ఓర్వలేనితనం అనుకున్నాను.

తరువాతి వేసవిలో నా చేలో రాలిన ఈకలు, ఎవరో పేల్చి వదిలేసిన ఎర్రటి తూటా డొల్లలు కనిపించాయి. నావి నీలం డొల్లలు. నా వంటింటికీ ఆ చేనుకీ మధ్య ఒక్క గడ్డిబీడే అడ్డం. అయినా ఒక్క పేలుడూ వినపడలేదు. అంటే ఎవరో గుట్టుగా సైలెన్సరు కొన్నారన్నమాట. ఎవరు కొంటారు? నా గొప్ప విని కడుపు మండినవాడే కొంటాడు.

డెన్నిస్‌ను నిలదీశాను. "సైలెన్సరా? నాది మా నాన్న వాడిన జోడు గొట్టాల తుపాకీ బావా! ఊరంతా వింటోంది, పోయి అడుగు!" అన్నాడు. అడిగాను. అందరూ విన్నామన్నారు. ఊరందరినీ ముందే కూడగట్టుకున్నాడని అర్థమైంది. మ్యూరియల్‌ను అడిగితే పొయ్యి దగ్గర నుంచి కదలకుండా అంది: "నేనే రమ్మన్నాను. పంటంతా పావురాల పాలవుతోంది. నీ వెనక చెట్టు మీదికి మందంతా వచ్చి వాలినా నీకు తెలియడం లేదు, ఆర్నాల్డ్." అక్కాతమ్ముళ్ళు ఒకటయ్యారనుకున్నాను. ఆ రోజు నుంచి డెన్నిస్‌తో మాట్లాడలేదు. మ్యూరియల్ సమాధి దగ్గర కూడా మాట్లాడలేదు.

అతను మానలేదు. మా వైపు ఒక మర్యాద ఉంది: ఎవరి చేలో పావురాలను కొడితే వారి పెరటి తలుపు పిడికి ఒక జత కట్టి వెళ్ళాలి. ప్రతి బఠాణీ కాపుకూ నా పిడికి జత వేలాడుతూనే ఉంది. మ్యూరియల్ బతికుండగా వాటితో కూర వండి పెట్టేది, ఎక్కడివని అడగకుండా తినేవాణ్ణి. ఆమె పోయాక విషం పెట్టాడేమోనని ముందు పిల్లికి వేసి చూశాను. పిల్లి నిక్షేపంగా ఉంది, పైగా లావెక్కింది.

ఈ వేసవిలో అతన్ని చేతికి చిక్కించుకుందామని పొద్దున్నే తూర్పు గట్టు చెట్ల వెనక నిలబడ్డాను. డెన్నిస్ చేను ఆ చివరికి వచ్చాడు. చేతిలో మా మామగారి జోడు గొట్టాల తుపాకీ. గొట్టాల చివర ఏ తొడుగూ లేదు. ఎత్తాడు. పొగ వచ్చింది. పావురం పడింది. చప్పుడు లేదు. చప్పుడు లేని తూటాలు కూడా దొరుకుతున్నాయా అని నేను ఆలోచిస్తుండగానే, నా పక్కనున్న కుక్క నెట్టిల్ ఉలిక్కిపడి నా కాళ్ళకు చుట్టుకుంది. అవతలి తోపులో కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి.

ఊరివాళ్ళను కూడగట్టవచ్చు. లాయరును, డాక్టరును, సొంత కూతురిని కూడా కూడగట్టవచ్చు. కాకులకూ డెన్నిస్‌కూ లోపాయికారీ ఒప్పందం ఉందంటే నేను నమ్మను.

5. కావున నా సైలెన్సరు తుపాకీ, దాని పెట్టె, బొమ్మ పావురాలు, దాక్కునే వల డెన్నిస్ కాచ్‌పోల్‌కు చెందవలెను. చట్టప్రకారం లైసెన్సు ఉన్నవాడికే ఇవ్వాలి, అతనికి ఉంది. బఠాణీ చేలో పావురాలను కొట్టే హక్కు అతను బతికున్నంత కాలం అతనిదే. రోవెనా గాని, అల్లుడు గాని అడ్డు చెప్పరాదు.

6. నెట్టిల్ కూడా అతనికే. అది ఎప్పటినుంచో అతని వైపే చూస్తోంది.

7. రోవెనా నన్ను పట్నం తీసుకెళ్ళి చూపించిన చెవుల డాక్టరు ఇచ్చిన చెవి మిషన్ మంచం పక్క సొరుగులో ఉంది. ఆ డాక్టరు డెన్నిస్‌తో కలిసి క్రికెట్ ఆడతాడు కనుక డబ్బా విప్పలేదు. కాకులు లేచిన రోజున విప్పుదామని చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ పెట్టేశాను. దానితో వినాలనిపించే గొంతు ఒక్కటే. అది మూడేళ్ళ కిందటే పోయింది. పొయ్యి దగ్గర నుంచి ఆమె ఎన్ని మాటలు చెప్పిందో, ఎన్నిటికి నేను మొహం తిప్పుకున్నానో నాకు తెలియదు. అది తలుచుకుంటే దుఃఖం ఆగడం లేదు. మిషన్ వాపసు చేయవలెను.

8. నన్ను మ్యూరియల్ పక్కన పూడ్చిన రోజున డెన్నిస్ నా తుపాకీ ముట్టరాదు. మా మామగారి జోడు గొట్టాలది తీసుకుని, బఠాణీ చేను గట్టు మీద నిలబడి, ఏ తొడుగూ లేకుండా రెండు తూటాలూ పేల్చవలెను. పాత బడి వాళ్ళ కుక్క మంచం కిందికి దూరితే దూరనీ. ఆ తరువాత ఎప్పటిలాగే నా తలుపు పిడికి ఒక జత కట్టవలెను. రోవెనా వాటిని వండి, మామయ్యను బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డించవలెను. ముందు పిల్లికి వేయనక్కరలేదు.

అతను పేల్చే సమయానికి రోవెనా నా సమాధి దగ్గరే నిలబడి తోపు వైపు చూడవలెను. కాకులు లేస్తే, లేచాయని నాకూ మీ అమ్మకూ గట్టిగా చెప్పమ్మా. గొణగకు.

రెండు వేల పంతొమ్మిదో సంవత్సరం, అక్టోబరు నెల పద్నాలుగో తేదీ, హారిల్‌థోర్ప్.

(సంతకం) ఆర్నాల్డ్ థర్కెటిల్

ఆయన మా ఇద్దరి కళ్ళెదుట సంతకం చేయగా, మేము ఆయన ఎదుట సంతకాలు చేశాము. మాకు ఇందులో సొంత లాభమేమీ లేదు.

సాక్షులు:
1. ఐవర్ బ్లైత్, సారాకొట్టు యజమాని
2. హెస్టర్ గూచ్, లాయరు గుమాస్తా