అంటని దురద

మేనేజరు గారికి, ఇస్త్రీ మిషను కుర్రాడు మండిపడుతూ రాస్తున్న ఉత్తరం.

నిన్న మన లాండ్రీలో మా అమ్మని బట్టలు మడతపెట్టే బల్ల దగ్గర్నుంచి లేపి ఇంటికి పంపేశారు. చేతులు గోక్కుంటోందని, అది గజ్జి అని అందరి ముందూ అన్నారు. ఇప్పుడు నా మాట వినండి. గజ్జీ లేదు, గాడిద గుడ్డూ లేదు. చవకని మీరు తెచ్చిన కొత్త సబ్బు పొడి వల్లే ఆ దురద. అమ్మ తిరిగి బల్ల దగ్గరికి రాకపోతే నా మిషనూ తిరగదు.

ఇట్లు,
ఒళ్లు మండిన ఇస్త్రీ కుర్రాడు

తా.క.: అమ్మ మడిచిన తువ్వాళ్లని మీరు పట్టకారుతో తీశారు. అది క్యాంటీన్‌లో రొట్టెలు తిప్పేది. కడక్కుండా తిరిగి పెట్టేశారు. మధ్యాహ్నం మీరు రెండు రొట్టెలు తిన్నారు కూడా.

*

ఇస్త్రీ కుర్రాడికి,

ఇది అంటురోగమే. మనం ఉతికే దుప్పట్లు వాడే ఒక పరువు గల ఇంట్లో ఇల్లాలికీ ఇదే దురద. ఫ్యాను కింద కూర్చున్నా ఉన్నట్టుండి ముఖం ఎర్రబడి చెమటలు కారిపోతున్నాయి. ఎవరని అడక్కు. అంటదని డాక్టరు రాసిచ్చేదాకా మీ అమ్మ గేటు లోపలికి రాకూడదు. వారంలో తేకపోతే ఆ బల్లకి ఇంకో మనిషిని పెడతాను.

ఇట్లు,
మేనేజరు

తా.క.: నీ ఉత్తరం చేతి తొడుగులతో చదివాను. పేజీ తిప్పడం కుదరలేదు. వెనకాల ఏమైనా ఉంటే మళ్లీ రాయి.

*

మేనేజరు గారికి,

అయ్యబాబోయ్! మీ పొడి ఇళ్లలో ఆడవాళ్లని కూడా కాల్చేస్తోందా? ఇక్కడ అందర్నీ అడిగాను. మరకలు తీసే పెద్దక్కకీ, గుండీలు కుట్టే అత్తకీ దురదే! ఒంట్లోంచి సెగలట! ఇన్నాళ్లూ నోరు మూసుకుని గోక్కున్నారు! మిషన్లన్నీ ఆపేశాం.

ఇట్లు,
వెనక్కి తగ్గని కుర్రాడు

తా.క.: సాక్ష్యం కోసం ఆ పొడి నా మోచేతికే రాసుకుని పడుకున్నా. ఏమీ కాలేదు. ఈ మాట మీకు చెప్పకూడదు గానీ, పెన్నుతో రాసేశాను.

*

ఇస్త్రీ కుర్రాడికి,

ముగ్గురా! దేవుడా! గదులన్నిటికీ మందు పొగ పెట్టిస్తున్నాను. ఆ ముగ్గురికీ ఇక ఉద్యోగాల్లేవు. ఆ పరువు గల ఇంట్లో దుప్పట్లు దగ్గరుండి తగలబెట్టించాను.

వణుకుతూ,
మేనేజరు

తా.క.: ఆ దుప్పట్ల మూటలో ఇల్లాలి పుట్టింటి శాలువా కూడా ఉందట. కోపంలో ఉన్న ఆడమనిషితో ఎలా మాట్లాడాలి? ఊరికే అడుగుతున్నాను.

*

మేనేజరు గారికి,

నేనింకా తేరుకోలేదు. అమ్మని చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ మొదటి ప్రశ్నకే అమ్మ నన్ను గోడవైపు తిరగమంది. తిరిగాను. చెవులు తిరగలేదు. అమ్మకి నెలసరి ఆగిపోయి ఏడాది దాటిందట! అప్పుడు ఒంట్లో ఒక హార్మోను తగ్గి, చర్మం పల్చబడి, నూనె ఇంకిపోయి, ఎండి దురద పెడుతుందట. ఆ సెగలూ అందులోవే. అంటేది కానే కాదు. సబ్బు పొడి ఎండిన చర్మాన్ని ఇంకాస్త మండిస్తుందే గానీ అసలు దొంగ అది కాదట. పళ్లు కొరుక్కుంటూ ఒప్పుకుంటున్నా.

వేడినీళ్లు మానేసి గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం ముగించాలట. వాసనల్లేని సబ్బు వాడాలి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే క్రీము రాయాలి, ఎండలోకి వెళ్తే దానికి వేరే క్రీము. పొడి ముట్టుకుంటే తొడుగులు. అవి మీరే ఇవ్వాలి.

బాయిలరు విప్పి బిగించడం సొంతంగా నేర్చుకున్నవాణ్ణి, ఇంట్లో అమ్మ సంగతి నాకు తెలియలేదు! ‘ఎందుకు చెప్పలేదమ్మా?’ అంటే, ‘చెబితే దాని మీద కూడా సమ్మె చేస్తావురా’ అంది.

డాక్టరమ్మ కాగితం జత చేశాను. రేపు ముగ్గురూ గేటు దగ్గరుంటారు.

ఇట్లు,
బిత్తరపోయిన కుర్రాడు

తా.క.: ఆ పరువు గల ఇల్లాలి వయసెంతో అడగండి. దూరంగా నిలబడి అడగండి.

*

ఇస్త్రీ బాబుకి,

ఆ ఇల్లాలిని నేనే. యాభై ఒకటి. మీ మేనేజరు నా మొగుడు. నెల నుంచీ వరండాలో పడుకుని, నాతో కిటికీలోంచి మాట్లాడుతున్నారు. నాకేదో మాయరోగమని నేనూ బెంబేలెత్తిపోయాను. ఆయన కిటికీలోంచి అందించిన నీ ఉత్తరం చదివాకే ఇది వయసుతో వచ్చేదని తెలిసింది. ఒక్కరంటే ఒక్కరు ముందు చెప్పలేదు కదయ్యా!

లాండ్రీ మా నాన్న నా పేరున రాసింది. అందుకని ముగ్గుర్నీ నేనే పనిలోకి రమ్మన్నాను. మీ అమ్మ బల్ల మీదే ఇది రాస్తున్నా. నేను మడిచిన తువ్వాళ్లన్నీ విప్పి మళ్లీ మడుస్తోంది.

మేనేజరు మాత్రం కొన్నాళ్లు రారు. నా రోగం అంటుతుందని మరిగే నీళ్లలో ఫినాయిలు కలుపుకుని స్నానాలు చేశారు. ఒళ్లంతా కమిలిపోయి ఒకటే గోకుడు. డాక్టరు కాగితం తెస్తేనే గేటు తీస్తాను.

ఇట్లు,
మీ యజమానురాలు

తా.క.: ఇది మగవాళ్లకీ వస్తుందా అని వణుకుతూ అడిగారు. వచ్చేసిందని చెప్పాను.