హేమ్లి గాజులు

కారేపల్లి,
17 నవంబరు 2024.

చి.ల.సౌ. ప్రమీలకు,

అక్క సువర్ణ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అశ్వారావుపేటలో మీరందరూ క్షేమమని తలుస్తాను. నా ఆపరేషను నాటి నుంచి వచ్చి తోడుంటానని నువ్వు అడగడం, వద్దని నేను రాయడం ఆనవాయితీ అయిపోయింది. ఈసారీ నా జవాబు అదే. నా వంట నేనే చేసుకుంటున్నాను. పైగా ఆటలాడుతున్నాను.

నవ్వకు. రొమ్ము క్యాన్సరు వైద్యం ముగిసిన ఆడవాళ్లం కొందరం సాయంత్రాలు బడి మైదానంలో త్రోబాల్ ఆడుతున్నాం. భుజం బిగుసుకుపోకుండా ఉంటుందని ఫిజియోథెరపిస్టు శ్యామలే మొదలుపెట్టించింది. తొలుత నడుమెత్తున కట్టిన వల ఇప్పుడు తల దాటింది. బంతి ఎవరి వైపు వచ్చినా నేనే అందుకోబోతానని మా జట్టులో హేమ్లికి కోపం. "అన్నీ నువ్వే పడ్తవా మేడం? జర మాక్కూడ ఇడువు," అంటుంది.

ఆ హేమ్లి విసిరితే ఆపడం ఎవరి తరమూ కాదు. అటువంటి మనిషి ఒకనాడు ఆట మధ్యలో చేయి పట్టుకుని కూలబడింది. ఆపరేషను జరిగిన వైపు చేయి వాచి, లంబాడీ ముత్తైదువలు మోచేతి పైన వేసుకునే తెల్లగాజులు కండలోకి దిగిపోయాయి. ఆ చేతికి బిగుతైనవేవీ వద్దని డాక్టరు ముందే చెప్పినా ఆమె తీయలేదు. నాన్న పోయిననాడు అమ్మ చేతుల నుంచి గాజులు తీయించడం నువ్వూ చూశావు కదా. భర్త బతికుండగా తీస్తే అతనికి కీడని హేమ్లి అత్త పట్టు. నేను వైద్యశాస్త్రమంతా విడమరచి చెప్పాను. తల వంచుకుని విన్నది, తీయలేదు. ఇలాగే వదిలేస్తే ఆ చేయి పనికి రాకుండా పోతుందని శ్యామల హెచ్చరించింది.

చివరకు ఆమె భర్త లాల్‌సింగ్‌కు కబురు పెట్టాను. అతను వాచిన ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని చూశాడు. తర్వాత కొబ్బరినూనె రాసి, ఒక్కొక్క గాజూ తానే జార్చాడు. ఆమె కన్నీళ్లు పెట్టుకుంటే, "నా పానం కోసమే గద ఏస్కున్నవ్. గట్లయితే నేనే ఏస్కుంట," అన్నాడు.

అవి అతని మోచేయి దాటలేదు. తువ్వాలుకు గుచ్చి మెడలో వేసుకున్నాడు. వాపు తగ్గి హేమ్లి మళ్లీ ఆటకు వచ్చిననాడు కూడా అలాగే వచ్చి, ఆట ముగిసేదాకా గట్టు మీద కూర్చున్నాడు. ఆరోజు ఎదుటి జట్టులో ఆడిన ఆమె, పెళ్లికొడుకులా ఉన్నావని వల అవతలి నుంచే అతన్ని ఎగతాళి చేసింది. ఆనాడు ఆమె విసిరిన బంతి నా చేతుల్లో ఆగలేదు.

మరిదిగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ అక్క
సువర్ణ

తా.క.: మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. నిన్ను రావద్దన్నది నాకు తోడు అక్కరలేక కాదు. నా చేయీ వాచింది. అది ఎవరి కంటా పడకూడదని పొడుగు చేతుల బిగుతు రవికెలు వేసుకుంటున్నాను. హేమ్లికి శాస్త్రం చెప్పిననాడూ అలాంటి రవికెలోనే ఉన్నాను. ఇవాళ ఆ రవికెల చేతులు కత్తిరించి, వాపును శ్యామలకు చూపించాను. తగ్గుతుందన్నది. జడ మాత్రం నేను వేసుకోలేకపోతున్నాను. వచ్చేటప్పుడు నీ వదులు రవికెలు రెండు తీసుకురా.