ఖాళీగా తిరిగి వెళ్ళని పెట్టె

జూలై 9, 2021

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. ఎండకి కలం కూడా బద్ధకిస్తోంది. కానీ మా కెర్కెన్నా ద్వీపానికి కరోనా టీకాలు వస్తున్నాయట, అదీ దానంగా. మా ఆవిడ మబ్రూకాకి ఉబ్బసం. మా వీధిలో ఈ నెలలోనే నలుగుర్ని జనాజా ఎత్తి సాగనంపాం. తనకి సూది పడేదాకా నాకు ముద్ద దిగదు.

జూలై 11

కాఫీ కొట్టు బయట పంచాయితీ. పరాయి దేశాలు మనకెందుకిస్తున్నాయి? గడువు దగ్గరపడిన సరుకు వదిలించుకోడానికిరా అన్నాడు ఖమైస్. వాడు పడవలు బాగుచేస్తాడు, దేనిలోనైనా ముందు చిల్లే వెతుకుతాడు. కాదు, మన కుర్రాళ్ళు వాళ్ళ ఒడ్డెక్కకుండా మంచి చేసుకుంటున్నారు అన్నాడింకొకడు. పెళ్ళి చదివింపుల్లాగే, ఒకడిస్తే పక్కవాడు ఊరుకోలేడని నేనన్నాను. మా నాన్న ఒక స్పాంజీల వర్తకుడి సంగతి చెప్పేవాడు... అది ఇప్పుడెందుకులే.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మబ్రూకా గరిటె ఆపింది. పక్కింటావిడ కుస్కుస్ పంపితే, మిగిలి పంపావా పుణ్యానికి పంపావా అని అడుగుతావా ముసలోడా? తిను, పళ్ళెం మాత్రం ఖాళీగా తిప్పి పంపకు అంది.

జూలై 14

గాలి. అవతలి ఒడ్డున ఉన్న స్ఫాక్స్ నుంచి ఫెర్రీ లేదు.

జూలై 15

ఇంకా గాలే. టీకాలు అవతలి ఒడ్డునే ఉన్నాయి, రేపటితో గడువు సరి బాబాయ్ అని నర్సు రఫీకా ఫోన్ చేసింది. మబ్రూకా కూర్చునే ఊపిరి తీస్తోంది. ఖమైస్ మాటే నిజమైనందుకు వాణ్ణి తిట్టుకున్నాను.

జూలై 16, మధ్యాహ్నం

పదకొండింటికి ఫెర్రీ వచ్చింది! పరుగున వెళ్ళినా మాకు వరస చివరే దొరికింది. ఎక్కడో ముందున్న ఖమైస్ వెనక్కొచ్చి మబ్రూకాని తన చోటికి తోశాడు. నడు వదినా, గడువు టీకాకీ దగ్గరే, నీకూ దగ్గరే, జోడీ కుదిరింది అన్నాడు. ఈవిడ వాడి నెత్తిన ఒక్కటిచ్చి వెళ్ళి సూది వేయించుకుంది. వాడిక్కూడా అందింది, నాక్కూడా. కారణం ఏదైతేనేం, ఇచ్చినవాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

జూలై 17

టీకాలొచ్చిన ఐసు పెట్టె స్ఫాక్స్‌కి తిరిగి వెళ్ళాలి. మబ్రూకా దాన్నిండా ఎండు ఆక్టోపస్ కుక్కింది. అయ్యో పిన్నీ, అది సర్కారు పెట్టె, వాసనొస్తుంది అని రఫీకా మొత్తుకుంది. నాకు మాత్రం పళ్ళెమేనమ్మా అంది ఈవిడ. ఇచ్చినవాళ్ళది ఏ దేశమో కూడా తెలీదు కదే, ఎవరికి చేరుతుంది అన్నాను. తాడు బిగించమంది. బిగించాను.

ఆగస్టు 13

పెట్టె తిరిగొచ్చింది. కడిగి ఉంది. లోపల రెండో డోసులు, అడుగున ఆరు నిమ్మకాయలు.