మూడు లక్షలు కాదు, ముప్పై లక్షలు

చిరంజీవి తమ్ముడు రాజన్నకు,

ముందు నీ లెక్క దిద్దుతాను, దీవెనలు ఆ తరువాత. రాబోయే 586 ప్రాసెసర్‌లో మూడు లక్షల ట్రాన్సిస్టర్లు ఉంటాయని రాశావు. నువ్వు విన్నది మూడు మిలియన్లు అయ్యుంటుంది, అంటే ముప్పై లక్షలు. ఇప్పుడు దొరికే 486లోనే పన్నెండు లక్షలున్నాయి. మూడు లక్షలతో వచ్చేదాన్ని కొత్తది అనరు, దాని తాత అంటారు.

ఇక దీవెనలు. నువ్వు, మరదలు, పిల్లలు చల్లగా ఉండాలి. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మేము క్షేమం. మెట్‌పల్లి విడిచి, మంచిర్యాల పక్కన ఈ బొగ్గుగనుల కాలనీలో కూతురింటికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతుంది. మక్కరొట్టె మాత్రం మనదానికంటే బాగుంది. మొదట్లో పలకరించే దిక్కులేక గోడమీది క్యాలెండర్‌తో మాట్లాడాను. మీ బావలాగే అదీ బదులు చెప్పలేదు. ఫికర్ చేయకు, ఇప్పుడు ఒంటరిగా ఉండే తీరిక కూడా లేదు.

కారణం మనవరాలు సుజాత. దాని టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చే పిల్లలు, కంప్యూటర్ ఉంటేనే వస్తామని ఒక్కొక్కరే మానేశారు. ఇక్కడి బడి పెద్దసారు, "దసరా లోపట కంప్యూటర్ పెట్టు బిడ్డా, మార్కుల పట్టీలన్నీ నీకే ఇస్త. లేకుంటే కరీంనగర్ పంపుత" అన్నారు. ఆ పని పోతే ఇన్‌స్టిట్యూట్‌కు తాళమే. తీరా 486 కొందామని బయలుదేరగానే పుకార్లు చుట్టుముట్టాయి.

"586 వస్తుందట అమ్మమ్మా. గిప్పుడు 486 కొంటే పైసలు బావిల ఏసినట్టే" అని సుజాత కూలబడింది. పక్కింటి గని గుమస్తా అదే చెప్పాడు. కంప్యూటర్లు అమ్మే సదానందం అదే చెప్పాడు. పైగా చేతులు మారి నలిగిన ఒక జిరాక్స్ కాగితం, కంపెనీ లోపలినుంచి బయటపడ్డ రహస్యమట.

అందరినీ మా వరండాలో కూర్చోబెట్టాను. సదానందం మూడు లక్షలన్నాడు, గుమస్తా మూడు లక్షలన్నాడు, కాగితంలోనూ మూడు లక్షలే. ముప్పై ఏళ్లు లెక్కల పేపర్లు దిద్దినదాన్ని. సరైన జవాబు ఎంతమందికైనా వస్తుంది. ఒకే తప్పు మూడుచోట్ల కనబడితే మాత్రం ఒకరిది చూసి మిగతావాళ్లు రాసినట్టే.

"ఎవలు చెప్పిండ్రు నీకు?" అని సదానందాన్ని అడిగాను.

"హైదరాబాదు కబురు, టీచరమ్మా."

"హైదరాబాదుల ఎవలు?"

తల గోక్కున్నాడు. "అంటే... గీ గుమస్తా సారే చెప్పిండు."

జిరాక్స్ కాగితం కూడా గుమస్తా టైపు చేసిందేనట. మరి ఆయనకెవరు చెప్పారు? ఆయన మా అల్లుడి వైపు చూశాడు. అల్లుడు నేలచూపులు చూశాడు.

"రాజన్న మామ ఉత్తరం రాసిండు గద అత్తమ్మా. క్యాంటీన్ల సదివి వినిపించిన."

ఆషాఢంలో నువ్వు రాసిన ఉత్తరం! అదే కాలనీ అంతా తిరిగి రహస్యమై మా గుమ్మం ఎక్కింది. నువ్వేమో మొన్న, "మీ ఊరి వ్యాపారి సుత అదే అన్నడట, ఇంక అనుమానమేందక్కా" అని రాశావు. నీ మాటకు నువ్వే సాక్షివి!

సుజాత నవ్విన నవ్వుకు గుమస్తా చాయ్ ఒలకబోసుకున్నాడు.

"586 వచ్చినప్పుడు వస్తది. పిల్లల మార్కులు అందాక ఆగుతయా?" అన్నాను. మరునాడే 486 తెచ్చుకుంది. పట్టీలు గడువుకు నాలుగు రోజుల ముందే ఇచ్చేసింది. పెద్దసారు ఒక్క తప్పు పట్టలేకపోయారు, ముందే నేను పట్టేశాను కనుక. ఇక ఏడాది పని మొత్తం మనకే! మానేసిన పిల్లలు గుమ్మం బయట చెప్పులు విడిచి, పరీక్ష హాల్లోకి వచ్చినంత భయంగా మళ్లీ వస్తున్నారు. నిన్న సదానందం వచ్చి, "686 సుత తయారైతుందట, టీచరమ్మా" అన్నాడు. కుర్చీ వేసి, ఎవరు చెప్పారో మొదటినుంచి చెప్పమన్నాను. పని ఉందని లేచిపోయాడు.

చొప్పదండి చిన్నమ్మకు నా దండాలు చెప్పు. సుజాత నీ దీవెన అడిగింది, రాసి పంపు. అంకెలు వద్దు.

నీ తప్పులు దిద్దడానికే ముందు పుట్టిన అక్క,
సావిత్రమ్మ

ఒక పని ఉంది. బొగ్గు ధూళి కంప్యూటర్‌లోకి దూరుతోంది, ముసుగు కుట్టాలి. మన మెట్‌పల్లి ఖాదీ దుకాణంలో దట్టమైన నేతగుడ్డ చూడు, తెలుపు వద్దు. ఒకసారి తడిపి ఆరేసి, ముడుచుకునేదంతా ముడుచుకున్నాక మంచిర్యాల బస్సు కండక్టర్ చేతికియ్యి. ఒక ముసుగుకు రెండున్నర గజాలు చాలు, కానీ ఐదు తీసుకో. సుజాత రెండో యంత్రానికి చెప్పి వచ్చింది.