ముప్పై వాట్లు

హోప్ టౌన్, అండమాన్,
జూలై 19, 2009.

అచ్చమ్మకు అప్పలరాముడు రాసేది. ఇక్కడ నేనూ, కోళ్లూ, మేకా బాగానే ఉన్నాం. విశాఖలో నువ్వు బాగున్నావనీ, అమ్మాయి విరిగిన కాలు అతుక్కుంటోందనీ నమ్ముతున్నాను. నా రాత కోడి గీరినట్టుంటుంది, ఓపికగా చదువుకో.

అడిగినవాటికి జవాబులు. బి.పి. మాత్ర వేసుకుంటున్నాను. వంటింటి రేకు కారడం లేదు, నేనే ఎక్కి తారు పూశాను. ఎక్కొద్దన్నావని తెలుసు.

ఇక మూడు పేరాలు నీ తమ్ముడు గవరయ్య గురించే రాశావు. రోజూ సాయంత్రం అల్లుడి కంప్యూటరు తెర మీద వాడి మాటలు వచ్చేవి, పది రోజులుగా రావడం లేదు, వాడికి ఒంట్లో బాగాలేదా అని. వాడికేం, దుక్కలా ఉన్నాడు. నేను పది రోజులు మంచాన పడితే మూడు పేరాలు రాస్తావా? అడుగుతున్నాను, అంతే.

నాకు కడుపు మండుతోంది, దాచను. ఓడలో వైర్‌లెస్ గది ఖలాసీగా ఉన్నప్పుడు, అక్షరాల కన్నా ముందు నాకు మోర్స్ వచ్చింది. వాడికి చుక్కా గీతా నేర్పింది నేను. హామ్ రేడియో లైసెన్సు పరీక్షకు పుస్తకం చదివి నాకు వినిపించింది వాడు, అదీ నిజమే. ఇద్దరం వాడింట్లో ఉన్న ఒక్క రేడియో సెట్టు మీదే విశాఖలో అల్లుడి సెట్టుతో మాట్లాడేవాళ్లం. తర్వాత వాడు ఆ సెట్టుకు కంప్యూటరు తగిలించాడు. ఇక్కడ టైపు చేస్తే అక్కడ తెర మీద అక్షరాలు పడతాయి. "నీ మోర్స్ పిట్టకూతలా ఉంటుంది, తమ్ముడిది మాటలా ఉంటుంది" అని రాశావు. ఆ ముక్క ముల్లులా దిగింది.

ఇన్నాళ్లూ రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. మూడు వారాల కిందట గవరయ్య పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ నాతో అన్నాడు:

"బావా, కంప్యూటరుతో పంపితే ముప్పై వాట్లు దాటించకు. మోర్స్‌లో నీ చెయ్యి లేచినప్పుడల్లా సెట్టు ఊపిరి తీసుకుంటాది. ఇందులో దానికి ఊపిరుండదు. లగాతార్ పనే, ఆగడమే లేదు."

"నాకు చెప్పేంతటోడివయ్యేవేటి?"

"సెట్టు వెనక రేకు ముట్టుకుని సూడు. చెయ్యి కాలితే బంద్ చేసెయ్" అని నవ్వుతూ పోయాడు.

ముప్పై! నలభై ఏళ్లు వంద వాట్లతో కొట్టిన చెయ్యి నాది. తమ్ముడి మాట ముప్పైతో చేరితే మొగుడి మాట వందతో ఇంకా గట్టిగా చేరుతుందని నాబ్ చివరికంటా తిప్పాను. కంప్యూటరు నుంచి సెట్టుకు వెళ్లే ధ్వని కూడా పెంచాను. నువ్వు లేక కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో తెలియడం లేదని రాయబోయాను. ఒక్కో అక్షరం వెతికి కొట్టేసరికి పావుగంట పట్టింది. నేను వెతుకుతున్నంతసేపూ సెట్టు ఆగకుండా పంపుతూనే ఉంది. రేకు ముట్టుకోలేదు. ముట్టుకుంటే వాడి మాట విన్నట్టవుతుంది కదా. కాలిన వాసన వచ్చి సెట్టు ఆగిపోయింది. నీ ఉత్తరంలో ఆ ఉప్పు సంగతి లేదు కాబట్టి అది చేరలేదు కూడా.

గవరయ్య వచ్చి సెట్టు విప్పి చూశాడు. "ఉప్పుగాలి తినేసింది. గుడ్డ కప్పలేదు, గల్తీ నాదే" అని అందరితో చెప్పాడు. నేనూ అవునన్నట్టు తలూపాను. తప్పు వాడు నెత్తిన వేసుకుంటుంటే నాకు హాయిగా కూడా అనిపించింది. అదీ రాయాలి.

ఇంతవరకు రాశాక, వాడికి చెప్పకుండా నీకు చెప్పడం పిరికితనమనిపించి లేచి వెళ్లాను. వాడు గుమ్మంలో వల బాగుచేసుకుంటున్నాడు.

"ఒరే గవరయ్యా, సెట్టు కాల్చింది నేనురా."

తలెత్తలేదు. "తెలుసు బావా. నాబ్ వంద కాడే ఉంది కదేటి."

"మరి ఉప్పుగాలని ఎందుకన్నావు?"

"అప్పకి తెలిస్తే నీ పరువేటవుతాది? నాకు నేర్పినోడివి నువ్వు."

తిట్టినా బాగుండేది అచ్చమ్మా. ఇన్ని రోజులు నా పరువు వాడు మోశాడు, నాకు తెలియనైనా తెలియలేదు. అందులోనూ వాడే నెగ్గాడు.

కాలిన భాగాలు తెప్పిస్తున్నాడు. సెట్టు బాగయ్యాక మొదటి మాట నన్నే పంపమన్నాడు. నేను ఒప్పుకోలేదు. వాడే పంపుతాడు. ఆ రోజు వాడి పేరు చూసి నీ మొహం వెలిగిపోతుంది. అది తెలిసే వద్దన్నాను.

ఇట్లు,
నీ పెనిమిటి
అప్పలరాముడు