సార్‌కు చెప్త

పరశురాములు సార్‌కు, ఆరో తరగతి మహిమ తల్లి నమస్కరించి రాస్తున్నది.

మహిమకు కళ్లద్దాలు వచ్చాయి సార్. ఇప్పుడు బోర్డు మీది లెక్కలు కనిపిస్తున్నాయట. నాలుగు నెలలు పక్కపిల్ల నోట్సు చూసి రాసుకుందే తప్ప, భయపడి మీకు చెప్పలేదు. ఆ భయం పెట్టింది నేనే. బీడీలు చుట్టేటప్పుడు నాకు చేతులు ఖాళీ ఉండవు. పిల్ల మాట వినకపోతే, "సార్‌కు చెప్త, తోలు తీస్తడు" అని కూర్చున్న చోటి నుంచే బెదిరించేదాన్ని. మీ ముఖమైనా చూడకుండా మిమ్మల్ని బూచిని చేశాను.

మీరు మాత్రం వెనక బెంచీలో దాని పక్కన కూర్చుని, "నాకు గీడికెల్లి సక్కగ కనపడ్తలేదు బిడ్డా, నీకు కనపడ్తుందా?" అని అడిగారట. అప్పుడు నోరు విప్పింది.

నిన్న మా చిన్నబిడ్డ అన్నం ముట్టకపోతే, అలవాటు కొద్దీ "సార్‌కు చెప్త" అన్నాను.

"చెప్పు అవ్వా. ఎందుకు తింటలేదో సార్ అడుగుతడు," అంది మహిమ.

ఒళ్లోని బీడీల చేట పక్కన పెట్టి, నేనే అడిగాను. పన్ను నొస్తున్నదట సార్.

మీ మేలు మరువని,
మహిమ అవ్వ