పసుపు గీతలు ఆపేయమన్నాడు

మంగళవారం, రాత్రి

అసహ్యం ఇంకా పోలేదు. అన్నం కూడా సయించలేదు.

పొద్దున రొయ్యల చెరువుల అలారం ప్రోగ్రాం తెరిస్తే ఎడిటర్ నిండా పసుపు గీతలే, అన్నీ కోడ్‌లో తప్పుండొచ్చని కంపైలర్ ఇచ్చే హెచ్చరికలు. చదవాల్సిన లైను కంటికి ఆనలేదు. సీనియర్ ప్రసాద్‌ను అడిగితే, "అన్నీ ఆపేయమ్మా. నేనెప్పుడో ఆపేసినా. ప్రోగ్రాం నడస్తా ఉంది గదా," అన్నాడు.

నేను అన్నీ ఆపలేదు. వాడని వేరియబుల్స్ గురించిన గోల మాత్రం ఆపాను. గీతలు పల్చబడ్డాక ఒకటి మిగిలింది. సెన్సర్ నుంచి రీడింగ్ రాకపోతే ఆ ఫంక్షన్ ఏ విలువా ఇవ్వడం లేదట. అంటే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినా అలారం మోగకపోవచ్చు.

అది ప్రసాద్‌కు చూపిస్తుండగానే అల్లూరు నుంచి రైతు యేసోబన్న ఫోన్ చేశాడు. ప్రసాద్ స్పీకర్‌లో పెట్టాడు. "మీ అలారం మోగనే లేదు సార్. తెల్లారి చూస్తే రొయ్యలన్నీ తేలిపోయినాయి."

హెచ్చరిక మా కళ్ళముందే ఉంది. అయినా ప్రసాద్ తడుముకోకుండా, "మీ ఊళ్ళో సిగ్నల్ లేదేమో అన్నా," అన్నాడు.

ఫోన్ లాక్కున్నాను. "అన్నా, తప్పు మాదే. గట్టు మీది ఆ అలారం పెట్టెను నమ్మబాకండి."

"ముందే చెప్పుంటే నేనే గట్టు మీద కాపలా ఉండేవాణ్ణి గదమ్మా," అన్నాడాయన.

సాయంత్రానికల్లా ప్రోగ్రాం సరిచేశాను. ప్రసాద్ ఒప్పుకుంటేనే అది మిగతా చెరువుల పెట్టెలకు వెళ్తుంది. అతను ఇంకా తెరిచి కూడా చూడలేదు. పోనీ, నేనే ఫోన్ చేసి చెబుతాను, రైతుల నంబర్లన్నా ఇవ్వమంటే, "పొద్దున చూద్దాంలేమ్మా" అని మెసేజ్ పెట్టాడు.

ఈ రాత్రి ఎంతమంది మా పెట్టెను నమ్ముకొని నిద్రపోతున్నారో...